తాతగారి వాచీలో 17 రాళ్లు

తాతగారో నాన్నగారో పోయాక బీరువా సర్దుతుంటే ఒక పాత చేతివాచీ బయటపడుతుంది. బెల్టు ఎండి పగిలిపోయి ఉంటుంది. కీ ఇస్తే కాసేపు నడిచి ఆగిపోతుంది. డయల్ మీద కంపెనీ పేరు కింద సన్నటి అక్షరాల్లో ‘17 జ్యుయెల్స్’ అని ఉంటుంది. ఇంట్లోవాళ్లకు రెండు సందేహాలు వస్తాయి. ఇందులో నిజంగా 17 రత్నాలున్నాయా? ఉంటే ఇది ఎంత చేస్తుంది?

రత్నాలు నిజంగానే ఉన్నాయి. అవి కెంపులే. కానీ వాటిని ఊడదీసి అమ్మితే వాచీకి కొత్త బెల్టు కొనేంత డబ్బు కూడా రాదు. పాత వాచీ విలువ రాళ్లలో లేదు. అది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిలో తయారై, ఎవరి చేతిమీద నడిచిందో చెప్పే ఆనవాళ్లలో ఉంది. వాటిని చదవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. తెలియక చెరిపేస్తే మాత్రం తిరిగి రావు.

ఇరుసుకు కెంపు ఎందుకు?

వాచీలో కాలాన్ని కొలిచేది బ్యాలెన్స్ చక్రం. వెంట్రుకలాంటి స్ప్రింగు దాన్ని అటూ ఇటూ ఊపుతుంటుంది. పాత చేతివాచీల్లో చాలావాటికి అది సెకనుకు 5 ఊపులు ఊగుతుంది. అంటే గంటకు 18,000, రోజుకు 4,32,000. ఆపకుండా నడిపితే ఏడాదికి 15 కోట్ల 76 లక్షలు దాటుతాయి. ఇన్ని ఊపులనూ మోసే ఉక్కు ఇరుసు మొన మందం మిల్లీమీటరులో పదో వంతు, కొన్ని వాచీల్లో అంతకన్నా తక్కువ.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఇరుసు సంగతి తెలుసు. కందెన ఎండితే చక్రం కీచుమంటుంది, ఇరుసు అరుగుతుంది, భారమంతా ఎద్దుల మీద పడుతుంది. వాచీలోనూ ఇదే చిక్కు. ఇత్తడి పలకకు చిల్లు పెట్టి ఉక్కు మొనను నేరుగా అందులో తిప్పితే, నూనెలో చేరిన దుమ్ము రేణువు మెత్తని ఇత్తడిలో దిగబడి, అక్కడే ఉండి ఉక్కును అరగదీస్తుంది. చిల్లు సాగుతుంది, చక్రం ఒరుగుతుంది, వాచీ టైము తప్పుతుంది.

కెంపు అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం. కొద్దిపాటి క్రోమియం చేరడం వల్ల దానికి ఎరుపు వస్తుంది. కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలులో వజ్రం 10 అయితే కెంపు 9. అది తుప్పు పట్టదు, నూనెను చెడగొట్టదు, అద్దమంత నునుపు తేలుతుంది. దుమ్ము రేణువు దానిలో దిగబడలేదు. రాయి మీద చిల్లు చుట్టూ చిన్న పల్లం తొలుస్తారు. అందులో వేసిన నూనె చుక్క తలతన్యత వల్ల ఇరుసు చుట్టూనే నిలుస్తుంది, పలక మీదికి పాకిపోదు. వాచీ ఏళ్ల తరబడి నడవడానికి ఆ ఒక్క చుక్కే ఆధారం.

ఈ ఉపాయానికి మూడు శతాబ్దాలు దాటాయి. స్విట్జర్లాండులో పుట్టి లండన్‌లో స్థిరపడిన గణితజ్ఞుడు, న్యూటన్ మిత్రుడు నికోలా ఫాషియో, డెబోఫ్ర్ సోదరులనే వాచీ పనివాళ్లతో కలిసి 1704లో కెంపులకు చిల్లు పెట్టి ఇరుసులకు వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కును పొడిగించమని వాళ్లు పార్లమెంటును అడిగితే లండన్ గడియార పనివాళ్ల సంఘం అడ్డుపడింది. రాళ్ల వాడకం తమకు ముందే తెలుసని వాదించి, ఇగ్నేషియస్ హగ్గెఫర్డ్ చేసిన పాత వాచీని సాక్ష్యంగా చూపింది. పొడిగింపు రాలేదు. ఆ వాచీలో రాయి ఇరుసును మోయడానికి కాదు, అందానికి పొదిగిందేనని తర్వాతి కాలంలో పరిశీలించినప్పుడు తేలింది. పని చేసే రాయికీ అలంకారపు రాయికీ మధ్య తేడాను ఆనాడు గమనించకపోవడం ఒక వివాదాన్నే తేల్చింది. నేడు మన ఇంట్లో వాచీ విలువ కట్టేటప్పుడూ మొదట చూడవలసింది ఆ తేడానే.

17 ఎలా వచ్చింది?

మంచి వాచీ పనివాడి దగ్గర వెనుక మూత తీయించి, కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తే ఈ లెక్క కొంతవరకు మీరే వేయొచ్చు. తళతళలాడే పలకల మధ్య గులాబీ రంగు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క నడుమ ఉక్కు మొన సూది ముక్కలా మెరుస్తుంటుంది. బ్యాలెన్స్ చక్రపు ఇరుసు రెండు కొసలకు చిల్లు రాళ్లు రెండు, వాటి మీద మూత రాళ్లు రెండు: మొత్తం 4. ఆ చక్రం అడుగున తోపుడు అందుకునే రాయి ఒకటి: 5. దానికి తోపు ఇచ్చే ప్యాలెట్ ఫోర్కు రెండు చేతుల్లో రెండు: 7. చవక వాచీలు ఇక్కడే ఆగేవి. ఫోర్కు ఇరుసుకు రెండు, ఎస్కేప్ చక్రానికి రెండు, నాలుగో చక్రానికి రెండు, మూడో చక్రానికి రెండు కలిపితే 15. నడిమి చక్రానికి కూడా రెండు పెడితే 17. కీ ఇచ్చుకునే వాచీలో ఎక్కువ ఒరిపిడి ఉండే చోట్లన్నిటికీ ఈ 17తో రక్షణ దొరికినట్టే.

ఆ సంఖ్యకు పేరు రావడంలో రైళ్ల పాత్ర ఉంది. 1891 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. సిబ్బందిలో ఒకరి వాచీ 4 నిమిషాలు ఆగి మళ్లీ నడవడమే కారణమని చెబుతారు. తర్వాత క్లీవ్‌లాండ్ నగల వ్యాపారి వెబ్ బాల్ చొరవతో రైల్వే వాచీలకు కఠినమైన నియమాలు వచ్చాయి. కనీసం 17 రాళ్లు ఉండాలి, అయిదు భంగిమల్లో సరిచూసి ఉండాలి, వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు. మరో కారణం పన్ను. 1930 నాటి అమెరికా సుంకాల చట్టం 17 రాళ్లు దాటిన వాచీ యంత్రం ఒక్కోదానికి 10.75 డాలర్ల సుంకం వేసింది. స్విస్ కంపెనీలు 17 దగ్గరే ఆగడానికి ఇదొక పెద్ద కారణం.

ఆటోమేటిక్ వాచీలో అదనపు చక్రాలుంటాయి కాబట్టి 21 నుంచి 25 రాళ్లు సబబే. కానీ 1950, 60 దశకాల్లో కొన్ని కంపెనీలు ఏ పనీ చేయని రాళ్లను అంచుల్లో గుచ్చి 100 రాళ్ల వాచీలు అమ్మాయి. ఈ ధోరణికి అడ్డుకట్టగా, పని చేసే రాళ్లనే లెక్కించాలని అంతర్జాతీయ ప్రమాణాలు ఏర్పడ్డాయి.

ఇన్ని కెంపులు ఇంత చవగ్గా దొరికింది ఆగస్త్ వెర్నుయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పుణ్యాన. ఆయన 1902లో ప్రకటించిన పద్ధతిలో శుద్ధమైన అల్యూమినా పొడికి క్రోమియం కలిపి, ఆక్సిజన్-హైడ్రోజన్ మంటలోంచి రాలుస్తారు. 2,000 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో పొడి కరిగి, కింద తిరిగే దిమ్మె మీద చుక్క చుక్కగా పేరుకుని, కొన్ని గంటల్లో ఒక స్ఫటికపు ముద్దగా పెరుగుతుంది. రసాయనికంగా అది గని కెంపుకు ఏమాత్రం తీసిపోదు. 20వ శతాబ్దంలో తయారైన వాచీల్లో దాదాపు అన్నింటా ఉన్నవి ఈ కెంపులే.

చరిత్ర ఎక్కడ రాసి ఉంటుంది?

పాత వాచీ చరిత్ర మూడు చోట్ల దొరుకుతుంది: డయల్ మీద, కేసు లోపల, యంత్రం మీద. మూడూ ఒకే కథ చెబితే వాచీ అసలు రూపంలో ఉన్నట్టు. ఒకదానికొకటి పొసగకపోతే ఎక్కడో ఏదో మారినట్టు.

డయల్ మీది పేరు తయారీదారుదే కానక్కర్లేదు. బ్రిటిష్ కాలంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు దుకాణాలు స్విస్ వాచీలు తెప్పించి తమ పేరు వేయించుకునేవి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ జనాన్ని కూడగట్టే గడియారం మీద కనిపించే కుక్ అండ్ కెల్వీ పేరు పాత వాచీల డయళ్ల మీదా ఉంటుంది. 1886లో బొంబాయిలో మొదలైన వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీది మరో దారి. ఈ దేశం కోసమే స్విట్జర్లాండులో వాచీలు చేయించింది. దాని ‘సోవార్’ సైనికుల చేతుల మీద, రైల్వే ఉద్యోగుల జేబుల్లో నడిచింది. 1865 నుంచి ఇక్కడ వ్యాపారం చేసిన ఫేవర్ లూబా మన ఇళ్లలో పెళ్లికొడుక్కి పెట్టే వాచీగా పేరు తెచ్చుకుంది.

స్వాతంత్య్రం తర్వాతి వాచీ అయితే అది హెచ్‌ఎంటీ అయ్యే అవకాశం ఎక్కువ. జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో బెంగళూరులో 1961లో వాచీల తయారీ మొదలైంది. కీ ఇచ్చే ‘జనతా’ డయల్ మీద 17 జ్యుయెల్స్‌తో పాటు ‘పారాషాక్’ అనే మాట కనిపిస్తుంది. కింద పడ్డా ఇరుసు మొన విరగకుండా కాపాడే స్ప్రింగు అమరిక అది. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. హైదరాబాదులో ఆల్విన్ కంపెనీ కూడా జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. 1980ల్లో ఉద్యోగంలో చేరిన చాలామంది మొదటి జీతంతో కొనుక్కున్నది ఆ వాచీనే. మన నగరంలో తయారైన వాచీగా దాన్ని దాచుకోవడానికి ప్రత్యేకమైన కారణం ఉంది.

కేసు లోపలి గుర్తులు లోహాన్ని చెబుతాయి. 1880లో వచ్చిన స్విస్ చట్టం ప్రకారం 18 క్యారెట్ల బంగారానికి హెల్వీషియా అనే స్త్రీ తల, 14 క్యారెట్లకు ఉడుత, వెండికి ఎలుగుబంటి లేదా అడవికోడి ముద్ర వేసేవారు. 1995 నుంచి వీటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. ‘20 మైక్రాన్స్’ అని ఉంటే అది బంగారు పూత మాత్రమే. ఇలాంటి పూత మీద గీటురాయి మోసపోతుంది. నగల దుకాణంలోని ఎక్స్‌రే యంత్రం కూడా పైపొరనే చదువుతుంది. బెల్టు తగిలే కొమ్ముల దగ్గర, కీ బొత్తాం అంచుల్లో పసుపు అరిగి తెల్లలోహం తొంగిచూస్తోందేమో గమనించడం వీటన్నిటికన్నా తేలికైన పరీక్ష.

అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం యంత్రం మీదే ఉంటుంది. అక్కడి వరుస సంఖ్యను బట్టి ఏడాది తేలుతుంది. లాంజీన్స్ కంపెనీ 19వ శతాబ్దం నుంచి ప్రతి వాచీ వివరాన్నీ పుస్తకాల్లో నమోదు చేసింది. సంఖ్య పంపితే అది ఏ మోడలో, ఏ తేదీన ఎవరికి పంపారో వెతికి చెబుతుంది. పటెక్ ఫిలిప్ కూడా రుసుము తీసుకుని పాత వాచీలకు ఇలాంటి పత్రం ఇస్తుంది. సంఖ్య లేకపోయినా సాంకేతికత వయసు చెబుతుంది. బ్యాలెన్స్ చక్రపు అంచు రెండు చోట్ల తెగి, బయట ఇత్తడి, లోపల ఉక్కు పొరలుంటే అది వేడికి సాగే తేడాను సరిచేసుకునే పాత ఏర్పాటు. ఉష్ణోగ్రతకు పెద్దగా స్పందించని మిశ్రలోహాలు కనిపెట్టినందుకు షార్ల్ గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ లోహాలు వ్యాపించాక తెగిన చక్రాలు క్రమంగా కనుమరుగయ్యాయి. బ్యాలెన్స్ మీద వీణ ఆకారపు చిన్న స్ప్రింగు ఉంటే అది ఇంకాబ్లాక్. అలాంటి వాచీ 1930ల నడుమ కాలానికి ముందుది కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. 1960ల తొలినాళ్ల దాకా చీకట్లో మెరిసే ముళ్లకు రేడియం రంగు వేసేవారు. రేడియం సగం తరగడానికి 1,600 ఏళ్లు పడుతుంది. ఆ రంగులోని జింక్ సల్ఫైడ్ దెబ్బతిని మెరుపు పోయినా రేడియోధార్మికత పోదు. అమెరికాలో ఆ రంగు పూస్తూ కుంచె మొనను పెదాలతో సరిచేసుకున్న యువతులు 1920ల్లో దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు. మూసి ఉన్న వాచీని చూసుకోవడం వల్ల అంత ప్రమాదం లేదు. కానీ అద్దం తీసి గోకడం, ఊదడం, పిల్లల చేతికివ్వడం చేయకూడదు. 6 అంకె దగ్గర ‘స్విస్’కు అటూ ఇటూ ఆంగ్ల అక్షరం ‘టీ’ ఉంటే అది ట్రిటియం. దాని అర్ధజీవితం 12.3 ఏళ్లే.

పైన పొదిగిన రాళ్ల సంగతి

కొన్ని కుటుంబాల్లో ఆడవారి వాచీల అంచున వజ్రాలో కెంపులో పొదిగి ఉంటాయి. వీటి లెక్క వేరు. ఇవి పని చేసే రాళ్లు కావు, నగలు. ఇక్కడ తేల్చుకోవలసింది అవి అసలువా కావా అన్నది. వెర్నుయ్ కెంపు ఉబ్బెత్తు పైభాగం మీద పొరలు పొరలుగా పెరుగుతుంది కాబట్టి సూక్ష్మదర్శినిలో దాని పెరుగుదల గీతలు వంపు తిరిగి కనిపిస్తాయి. గుండ్రటి గాలి బుడగలు కూడా ఉండొచ్చు. గని కెంపులో గీతలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి. వజ్రం వేడిని అసాధారణ వేగంతో లాగేసుకుంటుంది. నగల దుకాణంలో సూదిలాంటి మీటరు ఈ గుణాన్నే కొలుస్తుంది. అయితే మాయిసనైట్ అనే కృత్రిమ రాయి కూడా వేడిని బాగానే లాగుతుంది కాబట్టి ఒక్క పరీక్షతో ఊరుకోకూడదు. కోత కూడా కాలం చెబుతుంది. 20వ శతాబ్దపు మొదటి సగంలో వాచీల మీద చిన్న వజ్రాలకు తక్కువ ముఖాలున్న సాదా కోతే ఎక్కువ వాడారు.

విలువ ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పోతుంది?

2024 ఏప్రిల్‌లో ఇంగ్లండులో 14 క్యారెట్ల బంగారు వాల్తామ్ జేబు గడియారం ఒకటి వేలానికొచ్చింది. వాల్తామ్ అమెరికాలో లక్షలకు లక్షలు వాచీలు చేసిన కర్మాగారం. అలాంటి వాచీకి మామూలుగా బంగారం తూకం మీద కాస్త ఎక్కువ పలుకుతుంది. ఇది మాత్రం, వేలం రుసుములతో కలిపి, 11.75 లక్షల పౌండ్లు పలికింది. 1912లో టైటానిక్‌తో పాటు మునిగిపోయిన కోటీశ్వరుడు జాన్ జేకబ్ ఆస్టర్ మృతదేహంతో దొరికిన వాచీ అది. దాని మీద ఆయన పేరు పొడి అక్షరాలున్నాయి. కొడుకు దాన్ని బాగుచేయించి ధరించాడు. తర్వాత తండ్రి కార్యదర్శి కుటుంబానికి ఇచ్చాడు. చేతులు మారిన ప్రతి మెట్టుకూ ఆధారం ఉంది. ఆ పొడి అక్షరాలను ఎవరైనా మెరుగు పెట్టించి చెరిపేసి ఉంటే మిగిలేది బంగారమే.

మన ఇళ్లలో టైటానిక్ వాచీలు ఉండకపోవచ్చు. సూత్రం మాత్రం ఇదే. రిటైర్మెంటు రోజున రైల్వేవాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన వాచీ, పక్కన ఆ రోజు ఫొటో, పెట్టెలో పాత రసీదు కలిసి ఉంటే, అదే మోడల్ వాచీ ఒంటరిగా తెచ్చే ధర కన్నా ఎక్కువ వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మనవలకు అది ఎవరిదో తెలుస్తుంది.

విలువ పోయే దారులు రెండు. ఒకటి డయల్‌కు కొత్త రంగు వేయించడం. భూతద్దంలో చూస్తే ఇది పట్టుబడుతుంది. అక్షరాల అంచులు చెదిరి ఉంటాయి, నిమిషాల గీతలు అంకెల నడుమకు సరిగ్గా పడవు, సెకన్ల చిన్న ముల్లు తిరిగే గుండ్రటి గడి పక్కకు జరిగి ఉంటుంది. అసలుకు లేని ముదురు రంగులు వేసిన హెచ్‌ఎంటీలు సంతలో బోలెడు. మచ్చలున్నా అసలు డయల్‌కే సేకర్తలు ఎక్కువిస్తారు. రెండోది కేసుకు గట్టిగా మెరుగు పెట్టించడం. అంచులు మొద్దుబారతాయి, ముద్రలు, చెక్కిన పేర్లు అరిగిపోతాయి.

ధర కట్టించేటప్పుడు మూడు లెక్కలను కలిపేయకండి. కంసాలి చెప్పేది లోహం ధర. అదీ యంత్రం బరువు తీసేశాకే. వాచీ పనివాడు చెప్పేది బాగుచేసే ఖర్చు. సేకర్తల బజారు చెప్పేదే వాచీ ధర. అందులోనూ అమ్మేవాళ్లు అడిగే రేటును కాకుండా, అలాంటివి నిజంగా అమ్ముడుపోయిన రేటును చూడాలి. నూరేళ్లు దాటిన వాచీని విదేశీ వేలానికి పంపాలనుకుంటే 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం గుర్తుంచుకోవాలి. నూరేళ్లు పైబడిన పురావస్తువులను వ్యక్తులు సొంతంగా దేశం దాటించడం నిషిద్ధం. ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖను సంప్రదించాలి.

ఇప్పుడు చేయవలసింది

కీ ఎక్కువ ఇవ్వడం వల్లే వాచీ ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకుంటే కీ తిరగదు, అంతే. ఆగడానికి అసలు కారణం సాధారణంగా రాళ్లలో ఎండి జిగురైన నూనె. ఆ స్థితిలో పదే పదే నడిపిస్తే ఇరుసు అరుగుతుంది. కాబట్టి ముందు శుభ్రం చేయించాలి. మూత తీసినప్పుడు యంత్రాన్ని, మూత లోపలి వైపును, డయల్‌ను ఫొటోలు తీయించుకోండి. మూత లోపల సన్నగా గీసిన అంకెలు, పొడి సంతకాలు కనిపిస్తే అవి గీతలనుకోకండి. గతంలో బాగుచేసిన పనివాళ్లు తమ గుర్తుకు, తేదీకి వేసుకున్నవి అవి. మీ తాతగారు ఎప్పుడెప్పుడు దాన్ని చూపించుకున్నారో వాటిని బట్టి తెలియవచ్చు. డయల్‌కు రంగు వేయొద్దనీ, కేసుకు మెరుగు పెట్టొద్దనీ, మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలనీ పనివాడికి ముందే చెప్పండి.

తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఈ వాచీ ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో, ఎవరి పెళ్లికి, ఎవరు కుదువపెట్టి ఎవరు విడిపించారు? చెప్పింది చెప్పినట్టు రాసి, చెప్పినవారి పేరు, తేదీ వేయండి. యంత్రం మీది సంఖ్య, ఫొటోలు దానికి జతచేయండి. స్విట్జర్లాండు పుస్తకాల్లో మీ వాచీ తయారైన తేదీ ఉండొచ్చు. కర్మాగారం గేటు దాటాక అది గడిపిన జీవితం మాత్రం మీ ఇంట్లోవాళ్లకే తెలుసు. రాళ్లు మరో వందేళ్లు అరగకుండా ఉంటాయి, యంత్రాన్ని బాగుచేసే చేతులు ఇంకా ఉన్నాయి. తెలిసినవాళ్లు ఉండగానే రాసుకోవలసింది ఆ కథ ఒక్కటే. ముందు ఆ పని చేయండి, ధర సంగతి తర్వాత.